కంట్లో చుక్కల మందు ఎలా వేసుకోవాలి: సీసా చదవడం దగ్గర్నుంచి పారేసేదాకా

వరి నూర్పిళ్ళప్పుడు మా నాన్న కంట్లో పొట్టు పడింది. నీళ్ళు కొట్టుకున్నారు, కాసేపు నలుపుకున్నారు, పడుకున్నారు. తెల్లారేసరికి కన్ను ఎర్రబడింది. అమ్మకు శుక్లం ఆపరేషన్ అయినప్పుడు మిగిలిన చుక్కల మందు ఫ్రిజ్ తలుపులో ఉంది. కంటి మందే కదా అని అదే వేశాం. రెండో రోజుకు ఎరుపు తగ్గింది, మంట తగ్గింది, బాగైపోయిందనుకున్నాం. ఐదో రోజున నల్లగుడ్డు మీద ఆవగింజంత తెల్ల మచ్చ కనిపించింది. ఆసుపత్రికి తీసుకెళ్తే ఫంగస్ పట్టిందన్నారు. మేము వేసిన సీసాలో స్టెరాయిడ్ ఉందని, అది పైకి ఎరుపును అణిచేసి లోపల ఫంగస్‌ను పెరగనిచ్చిందని అప్పుడు తెలిసింది.

ఆ తరవాత నెలన్నర పాటు నాన్న కంట్లో నేనే చుక్కలు వేశాను. మొదటి రోజుల్లో గంటకోసారి, రాత్రుళ్ళు కూడా లేచి. కన్ను దక్కింది. మచ్చ మాత్రం మిగిలింది. మా వైపు దాన్ని కంట్లో పువ్వు అంటారు. అప్పుడు నర్సులు నా చేయి పట్టుకుని నేర్పిన పద్ధతి, డాక్టర్లు విడమరిచి చెప్పిన జాగ్రత్తలు ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో ఎవరికైనా ఇప్పుడు చుక్కల మందు నడుస్తుంటే ముందు తరవాతి భాగం చదవండి, ఆ తరవాతే సీసా మూత తీయండి.

సీసా మీద ఏముందో చదవండి

డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. మనం చూడాల్సింది పక్కన చిన్న అక్షరాల్లో ‘కాంపొజిషన్’ అని ఉన్నచోట. అక్షరాలు కనిపించకపోతే ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసుకోండి.

మాక్సిఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, ఒఫ్లాక్సాసిన్, టోబ్రామైసిన్, క్లోరాంఫెనికాల్ అని ఉంటే అది యాంటీబయాటిక్. బాక్టీరియా మీదే పనిచేస్తుంది. నాటామైసిన్ ఫంగస్ మందు. గాన్‌సైక్లోవిర్ జెల్, ఎసైక్లోవిర్ ఆయింట్‌మెంట్ హెర్పిస్ వైరస్‌కు ఇస్తారు. ఒలోపటడిన్ అలర్జీ దురదకు. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ ఉంటే అది కంటికి తడినిచ్చే చుక్క, రోగాన్ని తగ్గించే మందు కాదు. అట్రోపిన్, హోమాట్రోపిన్ కంటిపాపను పెద్దది చేసి లోపలి కండరానికి విశ్రాంతినిస్తాయి. కంటి లోపల వాపు వచ్చే యువైటిస్‌లో వీటిని తరచుగా రాస్తారు.

ఇక స్టెరాయిడ్లు. ప్రెడ్నిసోలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్, లోటెప్రెడ్నాల్, ఫ్లోరోమెథలోన్, డైఫ్లుప్రెడ్నేట్. ఈ పేర్లను ఒక కాగితం మీద రాసి మందుల డబ్బా మూతకు లోపలివైపు అతికించుకోండి. మన మెడికల్ షాపుల్లో యాంటీబయాటిక్, స్టెరాయిడ్ రెండూ కలిసిన చుక్కలు చాలా రకాలు దొరుకుతాయి. ఒకే కంపెనీ ఒకే పేరుతో ఉత్త యాంటీబయాటిక్ సీసా ఒకటి, చివర ఒకటి రెండు అక్షరాలు చేర్చి స్టెరాయిడ్ కలిపిన సీసా ఇంకొకటి అమ్ముతుంది. రెండు డబ్బాలూ అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. అందుకే ‘నిన్న వాడిన మందే ఇది’ అని రంగు చూసి నమ్మకండి.

స్టెరాయిడ్ చెడ్డ మందని నేను అనడం లేదు. యువైటిస్‌లో, శుక్లం ఆపరేషన్ తరవాత, కార్నియా, అంటే నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొర, మార్పిడి జరిగిన కంటికి అదే ప్రాణం. ఆ చుక్కలు మానేస్తే కన్ను పోవచ్చు. చిక్కంతా దాన్ని డాక్టర్ చూడకుండా వేసుకోవడంలోనే ఉంది. ఫంగస్ ఉన్న కంట్లో వేస్తే ఫంగస్ పెరుగుతుంది. హెర్పిస్ పుండు ఉన్న కంట్లో వేస్తే పుండు పెద్దదవుతుంది. ఏ ఇన్ఫెక్షన్ లేకపోయినా వారాల తరబడి వేసుకుంటే కొందరిలో కంటి లోపలి ఒత్తిడి పెరిగి నీటికాసులు, అంటే గ్లాకోమా వస్తుంది. నెలల తరబడి వాడితే శుక్లం కూడా. ఒత్తిడి పెరిగేటప్పుడు చాలామందికి నొప్పి ఉండదు. అలా పోయిన చూపు తిరిగి రాదు.

ముఖ్యంగా పిల్లల తల్లిదండ్రులకు ఈ మాట గట్టిగా చెప్పాలి. ఎండాకాలం రాగానే కళ్ళు దురదపెట్టి, ఎర్రబడి, తీగలాంటి జిగురు పుసి వచ్చే పిల్లలు మన దగ్గర చాలామంది. అది అలర్జీ, ఏటా వస్తుంది. ఒకసారి డాక్టర్ కొద్దిరోజులకని స్టెరాయిడ్ చుక్క రాస్తే అద్భుతంగా తగ్గుతుంది. మరుసటి ఏడాది అదే చీటీ, ఆ పై ఏడాది చీటీ కూడా లేకుండా అదే సీసా. ఇలా వాడి వాడి బడి వయసులోనే గ్లాకోమా తెచ్చుకున్న పిల్లల్ని కంటి ఆసుపత్రుల్లో చూస్తారు. చీటీ లేకుండా అమ్మకూడని మందులివి. అయినా అడిగితే ఇచ్చే షాపులు ఉన్నాయి, కాబట్టి అడగకుండా ఉండాల్సింది మనమే.

ఇంకో ప్రమాదం కూడా ఇక్కడే చెప్పేస్తాను. చెవి చుక్కలు, కంటి చుక్కలు ఒకేలాంటి సీసాల్లో వస్తాయి. సూపర్ గ్లూ సీసాను కూడా కంటి మందనుకుని వేసుకున్నవాళ్ళు ఉన్నారు. ‘ఐ డ్రాప్స్’ అన్న మాట కళ్ళారా చదివాకే మూత తీయండి. చెవికి మాత్రమే అని రాసి ఉన్న మందు కంట్లో పడితే వెంటనే నీళ్ళతో బాగా కడిగి ఆసుపత్రికి వెళ్ళండి.

ఇంట్లో చుక్కలతో ఆగకూడనివి

ఎర్రబడ్డ కన్నులన్నీ ఒకటి కావు. నొప్పి గట్టిగా ఉన్నా, వెలుతురు చూడలేకపోతున్నా, చూపు మసకబారినా, నల్లగుడ్డు మీద తెల్లగా ఏదైనా కనిపించినా ఆ రోజే కంటి డాక్టర్‌కు చూపించాలి. పొలంలో వరి ఆకు కోసుకున్నా, పొట్టు, ఊక, గడ్డి పరక, పేడ, మట్టి కంట్లో పడి మర్నాటికి ఎర్రబడినా అంతే. ఫంగస్ ఎక్కువగా కంట్లోకి చేరేది ఇలా పైరు గీరిన గాటు నుంచే. కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్ళ కన్ను ఎర్రబడితే లెన్సు తీసేసి వెంటనే వెళ్ళాలి, బాక్టీరియా ఒకటి రెండు రోజుల్లోనే కార్నియాను తినేయగలదు. నెలలోపు పసిబిడ్డ కళ్ళు వాచి చీము కారుతుంటే ఒక్క పూట కూడా ఆగకూడదు.

సున్నం, యాసిడ్, పురుగుమందు పడితే వరుస మారుతుంది. ముందు నీళ్ళు, ఆ తరవాతే ఆసుపత్రి. కనీసం 15 నుంచి 30 నిమిషాలు, రెప్పలు విప్పి పట్టుకుని, ధారగా మంచినీళ్ళు పోస్తూ కడగాలి. సున్నం ముక్కలు రెప్ప కింద ఇరుక్కుంటే తడి గుడ్డ కొసతో తీసేయాలి.

కార్నియా పుండు అనుమానం ఉంటే పుండును మెల్లగా గీకి, వచ్చినదాన్ని గాజుపలక మీద పూతలా రాసి మైక్రోస్కోపు కింద చూసే సౌకర్యం ఉన్నచోటికి వెళ్ళడం మేలు. హైదరాబాద్‌లో మెహదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రి, విశాఖపట్నం, కర్నూలులోని ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రులు, 1987లో మొదలైన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ అలాంటివే. ఏ సూక్ష్మజీవో తేలకుండా మందు వేయడమంటే చీకట్లో రాయి విసరడమే.

సీసా తెరిచే ముందు

సబ్బుతో చేతులు కడుక్కోండి. శానిటైజర్ రాసుకుంటే అది పూర్తిగా ఆరేదాకా కంటి దగ్గరికి వెళ్ళకండి, మండుతుంది.

కంట్లో పుసి ఉంటే ముందు దాన్ని తీయాలి. పుసి మీద వేసిన మందు పుసితోనే బయటికి వస్తుంది. కాచి చల్లార్చిన నీళ్ళలో శుభ్రమైన దూది ముంచి, పిండి, ముక్కు వైపు నుంచి చెవి వైపుకు ఒక్కసారి తుడవండి. ఆ దూది పారేసి ఇంకోటి తీసుకోండి. రెండో కంటికి మొదటి కంటి దూది వాడొద్దు. రెప్పలు అతుక్కుపోయి ఉంటే బలవంతంగా లాగకండి, గోరువెచ్చని తడి దూది రెండు నిమిషాలు పెడితే అవే విడిపోతాయి.

కొత్త సీసా అయితే మూతకు సీల్ ఉందో లేదో, ఎక్స్‌పైరీ తేదీ ఎంతో చూడండి. మూత తిప్పాక మెడకు ప్లాస్టిక్ రింగు మిగిలితే తీసేయండి, లేకపోతే చుక్క వేసేటప్పుడు జారి కంట్లో పడుతుంది. మన దగ్గర కొన్ని సీసాల కొసకు రంధ్రం ఉండదు. మూత లోపల ఒక ముల్లు ఉంటుంది, మూతను గట్టిగా కిందికి బిగిస్తే ఆ ముల్లే కొసకు రంధ్రం చేస్తుంది. ఇది తెలియక పిన్నీసుతో, సూదితో పొడిచేవాళ్ళు చాలామంది. మేమూ మొదట అదే చేశాం. పిన్నీసు మీది మురికి మందులోకి పోతుంది, రంధ్రం పెద్దదై చుక్కకు బదులు ధార వస్తుంది. ముల్లు లేని సీసా అయితే ఎలా తెరవాలో షాపులోనే అడిగి తెరిపించుకోండి.

మందు పాలలా తెల్లగా ఉంటే, లేదా ‘సస్పెన్షన్’ అని రాసి ఉంటే, ప్రతిసారీ బాగా కుదపాలి. ప్రెడ్నిసోలోన్ ఎసిటేట్, నాటామైసిన్ రెండూ అలాంటివే. కుదపకపోతే అసలు మందు అడుగునే ఉండిపోయి పైన ఉత్త నీళ్ళు కంట్లో పడతాయి.

చుక్క వేయడం

1. కూర్చుని తల వెనక్కి వాల్చండి. వెల్లకిలా పడుకుంటే ఇంకా తేలిక. కొత్తవాళ్ళు పడుకునే మొదలుపెట్టడం మంచిది.

2. ఎడమచేతి చూపుడువేలితో కింది రెప్పను మెల్లగా కిందికి లాగండి. రెప్పకూ గుడ్డుకూ మధ్య చిన్న సంచిలా తెరుచుకుంటుంది. మందు పడాల్సింది ఆ సంచిలో. నల్లగుడ్డు మీద నేరుగా వేస్తే ఉలిక్కిపడి కళ్ళు మూసేస్తారు, మందు బయటికొస్తుంది.

3. సీసాను తలకిందులు చేసి, ఆ చేతిని నుదుటికో, రెప్ప లాగిన చేతికో ఆనించండి. చేయి గాల్లో ఉంటేనే వణుకుతుంది. కొస కంటికి ఒక అంగుళం లోపు ఎత్తులో ఉండాలి, కానీ రెప్పకు గానీ వెంట్రుకలకు గానీ వేలికి గానీ తగలకూడదు. తగిలిందంటే కంటి పుసి కొసకు అంటి, సీసాలోపలికి పోతుంది. అప్పటినుంచి మీరు వేసేది మందుతో పాటు క్రిములు కూడా.

4. పైకి, తల వెనక్కి చూడండి. సీసాను మెల్లగా నొక్కండి. ఒక్క చుక్క.

5. రెప్ప వదిలేసి, కన్ను మెల్లగా మూయండి. బిగించకండి, టపటపా ఆర్పకండి. ముక్కు పక్కన కంటి మూల దగ్గర వేలితో మెత్తగా నొక్కి రెండు నిమిషాలు అలాగే ఉండండి.

6. చెంప మీదికి కారిన మందును శుభ్రమైన టిష్యూతో తుడవండి. మూత పెట్టి మళ్ళీ చేతులు కడుక్కోండి.

నాలుగో అడుగులో ‘ఒక్క’ అన్న మాట గురించి కాస్త చెప్పాలి. సీసా నుంచి పడే చుక్క దాదాపు 0.03 నుంచి 0.05 మిల్లీలీటర్లు ఉంటుంది. కంటి సంచిలో పట్టేది మహా అయితే 0.03. అంటే ఒక చుక్కే ఎక్కువ. రెండోది, మూడోది వేస్తే మొదటిదాన్ని కడిగేసి చెంప మీదికి తెస్తాయి, అంతే. 5 మిల్లీలీటర్ల సీసాలో కనీసం 100 చుక్కలుంటాయి. నాటామైసిన్‌లా గంటకోసారి వేయాల్సిన మందు ఒక్కో చుక్కే వేస్తే నాలుగు రోజులు వస్తుంది, రెండేసి వేస్తే రెండు రోజులకే ఇంకో సీసా కొనాలి. చుక్క పడిందో లేదో తెలియకపోతే మాత్రం ఇంకోటి వేసుకోండి. పడిందని తెలియడానికి నర్సు చెప్పిన చిట్కా ఒకటుంది: ఫ్రిజ్‌లో పెట్టదగ్గ మందైతే చల్లగా ఉన్నప్పుడు వేయండి, చలవ తగలగానే తెలిసిపోతుంది.

ఐదో అడుగును అందరూ వదిలేస్తారు. కంటి మూలలో, రెప్పల అంచుల మీద సూది మొనంత రంధ్రాలు రెండుంటాయి. కన్నీళ్ళు వాటి గుండానే ముక్కులోకి, గొంతులోకి దిగుతాయి. చుక్క వేసిన కాసేపటికి గొంతు చేదుగా అనిపించేది అందుకే. ఆర్పినప్పుడల్లా మందు ఆ దారిలోకి తోసుకుపోతుంది. రెండు నిమిషాలు మూసి, మూల నొక్కి ఉంచితే మందు కంట్లో నిలుస్తుంది, ఒంట్లోకి తక్కువ పోతుంది. కంటి ఒత్తిడికి టిమోలాల్ వేసుకునే ఉబ్బసం మనుషులకు, గుండె నెమ్మదిగా కొట్టుకునేవాళ్ళకు ఆ చుక్క రక్తంలో కలిస్తే ఆయాసం రావచ్చు, నాడి తగ్గొచ్చు. మీకు ఉబ్బసం ఉంటే చీటీ రాసేటప్పుడే డాక్టర్‌కు చెప్పండి.

రెండు మూడు మందులుంటే

ఒక చుక్కకూ ఇంకో చుక్కకూ మధ్య కనీసం ఐదు నిమిషాలు. వెంటవెంటనే వేస్తే రెండోది మొదటిదాన్ని తోసేస్తుంది. వరుస డాక్టర్ చెప్పకపోతే నీళ్ళలాంటిది ముందు, పాలలాంటిది తరవాత, జెల్ ఆ తరవాత, ఆయింట్‌మెంట్ అన్నిటికన్నా చివర. ఆయింట్‌మెంట్ ముందు పెడితే దాని జిడ్డు మీద చుక్క నిలవదు. చుక్క వేసిన పది నిమిషాలకు, కింది రెప్ప సంచిలో గోరు పొడవంత గీతలా పెట్టి కన్ను మూయండి. కాసేపు మసకగా ఉంటుంది, కంగారు పడొద్దు. పడుకునే ముందు పెట్టుకుంటే ఆ బాధ ఉండదు.

చీటీ మీద ఆర్‌ఈ అంటే కుడి కన్ను, ఎల్‌ఈ అంటే ఎడమ, బీఈ అంటే రెండూ. బీడీ రెండుసార్లు, టీడీఎస్ మూడుసార్లు, క్యూఐడీ నాలుగుసార్లు. ఓడీ దగ్గర మాత్రం జాగ్రత్త. కొందరు రోజుకొకసారి అనే అర్థంలో రాస్తారు, కంటి వైద్యంలో కుడి కన్ను అనే పాత అర్థం కూడా ఉంది. ఏది కన్ను, ఎన్నిసార్లు, ఎన్ని రోజులు అనేది నోటితో చెప్పించుకుని సీసా డబ్బా మీద తెలుగులో రాసుకోండి.

వేళలు తప్పకుండా

నాలుగుసార్లు అంటే మెలకువగా ఉన్న సమయాన్ని సమానంగా పంచుకోవాలి. పొద్దున 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6 అలా. పొద్దునే రెండుసార్లు వేసి రాత్రి రెండుసార్లు వేస్తే లెక్క సరిపోతుంది కానీ మందు పని సరిపోదు. ఐదు నిమిషాల్లో కన్నీళ్ళు మందును చాలావరకు కడిగేస్తాయి, అందుకే ఇన్నిసార్లు వేయమంటారు.

గంటకోసారి వేయాల్సిన కార్నియా పుండుకైతే ఇంట్లో ఇద్దరు ఉండాలి. మేము గోడ క్యాలెండర్ వెనక గంటలు రాసుకుని వేసినప్పుడల్లా టిక్కు పెట్టేవాళ్ళం. రాత్రి పదకొండు నుంచి రెండు దాకా నేను, అక్కణ్ణుంచి తమ్ముడు. ఫోన్ అలారం మంచిదే, కానీ ఆపేసి నిద్రపోతాం. టిక్కు లేని గడి కనిపిస్తే మాత్రం మనసు ఊరుకోదు. నాటామైసిన్ రెప్పల సందుల్లో తెల్లగా పేరుకుంటుంది, అది చీము కాదు, మందే. ధర ఎక్కువున్న మందు రాయమని డాక్టర్‌ను ఒత్తిడి పెట్టేవాళ్ళను వార్డులో చూశాను. మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రి వాళ్ళు అమెరికా పరిశోధకులతో కలిసి చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, నూలుపోగు లాంటి ఫంగస్ పుండ్లకు ఖరీదైన వోరికోనజోల్ చుక్కలకన్నా పాత నాటామైసినే మెరుగని తేలింది.

ఒక వేళ తప్పితే గుర్తొచ్చిన వెంటనే వేయండి. తరవాతి వేళ దగ్గరపడితే అప్పుడే వేయండి. తప్పినదానికి పరిహారంగా రెండు చుక్కలు వేయొద్దు.

యాంటీబయాటిక్ చుక్కలు మొదలుపెట్టాక రెండు రోజులకే కంటి ఎరుపు పోవచ్చు. అయినా డాక్టర్ చెప్పినన్ని రోజులూ వేయాలి. స్టెరాయిడ్ చుక్కలనైతే ఒక్కసారిగా ఆపకూడదు. ఈ వారం ఆరుసార్లు, వచ్చే వారం ఐదు, ఆ పై వారం నాలుగు, ఇలా దింపుతారు. మధ్యలో మానేస్తే యువైటిస్ వాపు ముందుకన్నా గట్టిగా తిరగబెడుతుంది. అట్రోపిన్ లాంటివి వేస్తే దగ్గరి అక్షరాలు కనబడవు, ఎండ భరించలేం, బండి నడపకూడదు. వేసినవాళ్ళు చేయి కడుక్కోకుండా కన్ను తుడుచుకుంటే వాళ్ళ కంటిపాపా పెద్దదవుతుంది. చిన్నపిల్లలకు అట్రోపిన్ వేశాక ముఖం ఎర్రబడి ఒళ్ళు కాలితే ఆపి డాక్టర్‌కు ఫోన్ చేయండి.

పిల్లలకు, పెద్దవాళ్ళకు

పిల్లలు కళ్ళు తెరవరు. తెరవమని తిట్టకండి. వెల్లకిలా పడుకోబెట్టి, కళ్ళు మూసుకునే ఉండమనండి. ముక్కు పక్కన కంటి మూల గుంటలో ఒక చుక్క వేయండి. ‘ఇప్పుడు చూడు’ అనగానే తెరుస్తారు, మందు దానంతటదే లోపలికి జారుతుంది. మా అక్క కొడుకుకు ఇలాగే వేసేవాళ్ళం, నాలుగో రోజునుంచి వాడే వచ్చి పడుకునేవాడు. మరీ పసివాళ్ళకైతే ఒకరు తల పట్టుకోవాలి, దుప్పట్లో చేతులు చుట్టి ఉంచాలి. ఏడుస్తున్నప్పుడు వేస్తే కన్నీళ్ళతో పోతుంది, ఊరుకున్నాక వేయండి.

చేతులు వణికే పెద్దవాళ్ళు సాధ్యమైతే ఇంకొకరితో వేయించుకోవాలి. ఒంటరిగా ఉండేవాళ్ళు ఎడమ పిడికిలి బిగించి, దాని కణుపులతో కింది రెప్పను కిందికి లాగి, సీసా ఉన్న చేతిని ఆ పిడికిలి మీద ఆనించి వేసుకుంటే గురి తప్పదు. అమ్మకు ఇది అద్దం ముందు నాలుగైదుసార్లు ఖాళీ సీసాతో నేర్పించాం.

కండ్లకలక వస్తే

2023 వర్షాకాలంలో తెలుగు రాష్ట్రాల్లో బడులు, హాస్టళ్ళు కండ్లకలకతో నిండిపోయాయి, గుర్తుండే ఉంటుంది. అప్పుడు మెడికల్ షాపుల ముందు యాంటీబయాటిక్ చుక్కల కోసం వరుసలు కట్టారు. అలా ఊళ్ళకు ఊళ్ళను చుట్టేసే కండ్లకలక ఎక్కువగా వైరస్ వల్ల వస్తుంది. దాని మీద యాంటీబయాటిక్ పనిచేయదు. నీళ్ళు కారడం, ఎరుపు, చెవి ముందు చిన్న గడ్డ, ఒక కంటి నుంచి రెండో కంటికి పాకడం దాని లక్షణాలు. ఒకటి రెండు వారాల్లో తనంతట తానే తగ్గుతుంది. చల్లటి తడి గుడ్డ, తడినిచ్చే చుక్కలు చాలావరకు సరిపోతాయి. పచ్చటి చిక్కటి పుసి రోజంతా వస్తూనే ఉంటే బాక్టీరియా కావచ్చు, అప్పుడు డాక్టర్ యాంటీబయాటిక్ రాస్తారు.

కండ్లకలక ఉన్నవాళ్ళ కళ్ళల్లోకి చూస్తే అంటుకుంటుందని మన ఊళ్ళల్లో గట్టి నమ్మకం. చూపుతో అంటదు, చేత్తో అంటుతుంది. నల్లకళ్ళద్దాలు ఎదుటివాళ్ళను కాపాడవు. కన్ను ముట్టుకున్న చేయి, తువ్వాలు, తలగడ గలేబు, కాటుక, ఇంకా అందరూ పంచుకునే చుక్కల సీసా, ఇవే దాన్ని మోసుకెళ్తాయి. ఇంట్లో నలుగురికి కలిపి ఒక్క సీసా కొనడం పొదుపు కాదు. ఎవరి సీసా వాళ్ళది. డాక్టర్ ఒక కంటికే రాస్తే ఆ సీసాను రెండో కంటికి ‘ముందు జాగ్రత్తగా’ వేయకండి.

చనుబాలు, ఆముదం, తేనె, ఆకు పసర్లు కంట్లో పోయొద్దు. పెద్దవాళ్ళు ప్రేమతోనే చెబుతారు, నాకు తెలుసు. మూసిన రెప్పల మీద కడిగిన నందివర్ధనం పువ్వు పెట్టుకుంటే చల్లగా ఉంటుంది, దానికి ఇబ్బంది లేదు. కంటి లోపలికి పోసేది మాత్రం క్రిములు లేనిదై ఉండాలి. పసరులో, పాలలో అవి ఉంటాయి, పుండున్న కంట్లో అవే పెరుగుతాయి.

దాచడం, పారేయడం

మూత తీసిన రోజే సీసా మీద తేదీ రాయండి. 28 రోజులు, మహా అయితే నెల, ఆ తరవాత సగం మిగిలినా పారేయాలి. డబ్బా మీది ఎక్స్‌పైరీ తేదీ మూత తీయని సీసాకు. కొన్ని మందులను ఫ్రిజ్‌లో పెట్టాలి, కొన్నిటికి 25 డిగ్రీల లోపు చాలు, డబ్బా మీద ఉంటుంది. గడ్డ కట్టే అరలో ఏదీ పెట్టకూడదు. ఏప్రిల్, మే నెలల్లో బండి డిక్కీలో, కిటికీ గట్టు మీద వదిలేసిన సీసా ఉడికిపోతుంది. సస్పెన్షన్ కాని మందు మబ్బుగా మారినా, రంగు మారినా, అందులో నలకలు తేలినా వాడొద్దు.

క్రిములు చేరిన సీసా ఏం చేయగలదో 2023లో అమెరికాలో చూశారు. ప్రిజర్వేటివ్ (క్రిములు పెరగకుండా కలిపే పదార్థం) లేని, కంటికి తడినిచ్చే చుక్కల సీసాల ద్వారా మందులకు లొంగని సూడోమోనాస్ బాక్టీరియా 18 రాష్ట్రాల్లో 81 మందికి సోకింది. 14 మంది చూపు కోల్పోయారు, నలుగురికి కనుగుడ్డు తీసేయాల్సి వచ్చింది, నలుగురు చనిపోయారు. అక్కడి మన తెలుగువాళ్ళలో కళ్ళు ఎండిపోయి రోజూ ఆ రకం చుక్కలు వాడేవాళ్ళు ఎందరో ఉంటారు. ప్రిజర్వేటివ్ లేని మందు ఒక్కసారికి సరిపడే చిన్న ట్యూబుల్లో వస్తే, తెరిచినదాన్ని ఆ పూటకే వాడి పారేయండి, మూత వంచి సాయంత్రానికి దాచకండి.

కాంటాక్ట్ లెన్సులు ఇన్ఫెక్షన్ తగ్గేదాకా పెట్టుకోకూడదు. అలర్జీ వంటి వాటికి చుక్క వేసుకునేవాళ్ళు లెన్సు తీసి వేసుకుని, పావుగంట ఆగి పెట్టుకోవాలి. ప్రిజర్వేటివ్‌ను మెత్తటి లెన్సు పీల్చుకుని కంటిని కాలుస్తూ ఉంటుంది.

మళ్ళీ చూపించుకోవడం

చుక్క వేయగానే ఒక అర నిమిషం మండటం మామూలే. వేసిన ప్రతిసారీ మంట పెరుగుతున్నా, రెప్పలు వాచి దురదపెడుతున్నా మందు పడకపోవడం కావచ్చు. రెండు మూడు రోజులు సరిగ్గా వేసినా ఏమాత్రం తేడా లేకపోతే, లేదా నొప్పి పెరిగి చూపు తగ్గుతుంటే ‘ఇంకో రెండు రోజులు చూద్దాం’ అనుకోకండి. రోజూ పొద్దున ఒకే కిటికీ దగ్గర, ఒకే వెలుతురులో, ఫోన్‌తో కంటి ఫోటో తీసి పెట్టుకోండి. మచ్చ పెరిగిందా తగ్గిందా అన్నది మన జ్ఞాపకంకన్నా అదే బాగా చెబుతుంది.

వెళ్ళేటప్పుడు ఇంట్లో ఆ కంటికి వేసిన ప్రతి సీసానూ, ఖాళీవి కూడా, ఒక కవర్లో వేసుకుని వెళ్ళండి. షాపువాడు ఇచ్చింది, ఆర్‌ఎంపీ ఇచ్చింది, పక్కింటివాళ్ళు ఇచ్చింది, అన్నీ. ముందే యాంటీబయాటిక్ పడి ఉంటే పూత పరీక్షలో క్రిమి దొరక్కపోవచ్చు, స్టెరాయిడ్ పడి ఉంటే పుండు అసలు తీవ్రత పైకి కనపడకపోవచ్చు. మేము మొదటిరోజు ఆ పాత సీసా సంగతి చెప్పడానికి సిగ్గుపడ్డాం, తిడతారేమోనని. రెండోరోజు చెప్పాం. డాక్టర్ తిట్టలేదు. వెంటనే సీసా తెప్పించి కాంపొజిషన్ చదివి, పరీక్ష మళ్ళీ రాశారు. ఆ ఒక్కరోజు ముందే చెప్పి ఉండాల్సింది.